చెంబులో పాలధార, చెంచాలో మందు

అది 1943. పాతనగరంలో, గౌలిపురాకు నడిచిపోయేంత దూరంలో ఉన్న ఒక చిన్న సర్కారు దవాఖానాలో నేను నర్సుగా పనిచేస్తున్నాను. ఒక డాక్టర్ సాబ్, ఒక కాంపౌండర్, ఇద్దరు నర్సులం. పొద్దున తలుపు తీసేసరికి వరండా నిండా జనం ఉండేవారు. మందు రాసేవాడిదే గొప్పతనమని లోకం అనుకుంటుంది. రాయడానికేం, కలం ఉంటే చాలు. రాసిన మందును రెండేళ్ళ పిల్లవాడి పళ్ళు దాటించి, గొంతు దాటించి కడుపులో వేయమనండి, తల ప్రాణం తోకకు రావడమంటే ఏమిటో తెలుస్తుంది.

నా ఉద్యోగంలో నన్ను కొరికిన పిల్లలున్నారు, తన్నిన పిల్లలున్నారు, మందంతా బుగ్గలో దాచుకుని నేను వెనక్కి తిరగ్గానే నా తెల్లచీర మీద ఊసిన మహానుభావులున్నారు. వాళ్ళందరినీ తలుచుకుంటే నవ్వొస్తుంది. ఈ ఒక్క పిల్లవాణ్ణి తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ అరచేతులు చల్లబడతాయి.

అప్పట్లో పసిపిల్లలకు న్యుమోనియా వచ్చిందంటే ఇంట్లోవాళ్ళు సగం ఆశ వదులుకునేవారు. ఊపిరితిత్తి గట్టిపడిపోయి, గాలి చాలక, పిల్లవాడి పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంజుకుపోతూ ఉంటుంది. మన వాళ్ళు డొక్కలు ఎగరేస్తున్నాడంటారు. దానికి మా దగ్గర అంతకుముందు పెద్దగా ఏమీ లేదు. అవిసె గింజలు ఉడకబెట్టి రొమ్ముకు పట్టు వేసేవాళ్ళం, కాపడం పెట్టేవాళ్ళం, దేవుణ్ణి తలుచుకునేవాళ్ళం. అప్పుడే సల్ఫా బిళ్ళలు వచ్చాయి. చచ్చిపోతాడనుకున్న మనిషి లేచి కూర్చుని అన్నం అడగడం నేను కళ్ళారా చూశాను. కానీ యుద్ధం రోజులు. బిళ్ళలన్నీ సిపాయీలకు పోయేవి, మా దవాఖానా అలమారాకు గుప్పెడు వస్తే గొప్ప.

వానాకాలం ఆఖర్లో ఒకరోజు పొద్దున్నే ఒక పిల్ల కొడుకును కొంగులో చుట్టుకుని పరుగెత్తుకొచ్చింది. పేరు రాజవ్వ, ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. గౌలిపురాలో బర్రెలు పెట్టుకుని పాలు పోసే ఇంటి కోడలు. పిల్లవాడి పేరు కిష్టడు. కొంగు తీసి చూస్తే ముక్కుపుటాలు అదురుతున్నాయి, పెదవుల చుట్టూ నీలి రంగు తిరుగుతోంది, ఒళ్ళు పెనంలా కాలుతోంది. డాక్టర్ సాబ్ రొమ్ము మీద స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విన్నారు. ఆయన ఎక్కువసేపు వింటే మంచిది కాదని మాకు తెలుసు.

"సిస్టర్, యే దవా బాజార్ మే నహీ మిల్తీ. ఏక్ గోలీ భీ జాయా న హో," అన్నారు. బజార్లో ఎక్కడా దొరకని మందు, ఒక్క బిళ్ళ కూడా వృథా కాకూడదని ఆయన మాట. నాలుగు గంటలకొక డోసు కడుపులో పడుతూ ఉండాలి, మధ్యలో తప్పితే మందు బలం ఒంట్లో నిలవదు. మా వార్డు నిండా ఆ వారం తట్టు వచ్చిన పిల్లలున్నారు. వీణ్ణి వాళ్ళ మధ్య పడుకోబెడితే దీనికి అదీ తోడవుతుంది. అందుకని డాక్టర్ సాబ్ నన్నే బిళ్ళలిచ్చి వాళ్ళింటికి పొమ్మన్నారు. ఇంకో నర్సుకు వార్డు అప్పగించాను.

మొదటి డోసు దవాఖానాలోనే మొదలుపెట్టాను. బిళ్ళను కల్వంలో మెత్తగా నూరి, చక్కెర నీళ్ళలో కలిపి చెంచాతో పెదవికి ఆనించాను. కిష్టడు పళ్ళు కరుచుకున్నాడు. ఎట్లాగో లోపల పోశాను. మొత్తం తల్లి భుజం మీద కక్కేశాడు. సగమైనా లోపల నిలిచిందో లేదో నాకు తెలియలేదు.

"వీడు ఎప్పుడూ గిట్లనేనా?" అనడిగాను.

"చెంచా చూస్తె నోరు తెరవడమ్మా. అన్నం గూడ చేత్తోనే తింటడు," అంది రాజవ్వ. ఆ మాట అంటున్నప్పుడు నా ముఖం చూడలేదు. భయంలో ఉన్న తల్లి కదా అని నేనూ పట్టించుకోలేదు.

వాళ్ళిల్లు సందు చివర. ముందు కొట్టంలో మూడు బర్రెలు, వెనక ఒక పెద్ద గది, మధ్యలో వాకిలి. రాజవ్వ పెనిమిటి ఊరికి అవతల, పటాలం వాళ్ళుండే లష్కర్‌లో పాలు పోసే పనిలో ఉన్నాడు, వారానికొకసారి వస్తాడు. ఇంట్లో ఉన్న మగదిక్కు ఆమె మామ, ఎల్లయ్య. అరవై దాటిన మనిషి, చేతులు మాత్రం పాలు పిండీ పిండీ ఇనుములా ఉన్నాయి. ఆ సందులో ఎవరి దూడకు జబ్బు చేసినా ఎల్లయ్య దగ్గరికే తోలుకొస్తారట. నన్ను చూడగానే నులకమంచం వాల్చాడు, మంచినీళ్ళిచ్చాడు.

"మందు కక్కుతుండు బాపూ. ఏం జెయ్యాల్నో తోస్తలేదు," అన్నాను.

ఆయన ఒక్క మాట మాట్లాడకుండా లేచి, కొట్టం చూరులోంచి ఒక వెదురు గొట్టం తీసి, బిందె దగ్గర కడగడం మొదలుపెట్టాడు. ఒక పక్క ఏటవాలుగా కోసి, అంచు నున్నగా గీసిన గొట్టం. పశువుకు మందు పోసే గొట్టమది. దూడ తల పైకెత్తి, దవడ సందులోంచి గొట్టం దూర్చి కషాయం పోస్తే గుటకాయస్వాహా, కక్కే ప్రశ్నే లేదు. పుట్టినప్పటి నుంచి చేస్తున్న పని. ఆయనకు తప్పనిపించలేదు.

వెనక్కి తిరిగి చూస్తే రాజవ్వ పిల్లవాణ్ణి రొమ్ముకు అదిమిపట్టుకుని, గోడకు వీపు ఆనించి, మూలకు జరిగిపోయి ఉంది. ఒళ్ళంతా వణుకుతోంది.

"ఆ గొట్టం అవతల పారెయ్ బాపూ," అని గట్టిగా అరిచాను. "వీడు దూడ గాదు. ఊపిరి అందని పిలగానికి తల ఎత్తి పోస్తె మందు కడుపులకు పోదు, ఊపిరితిత్తులకు పోతది. చేజేతుల సంపినట్టె."

ఎల్లయ్య చేతిలో గొట్టం అట్లాగే ఆగిపోయింది. ఆయన నా వైపు చూడలేదు, కోడలి వైపు చూశాడు. తర్వాత గొట్టాన్ని వాకిట్లో పెట్టేసి, కొట్టంలోకి పోయి బర్రెల మధ్య కూర్చున్నాడు. ఇంతమాత్రానికే అంత చిన్నబోవాలా అనుకున్నాను నేను.

రాజవ్వ అప్పుడు చెప్పింది, గొంతు బయటికి వినపడకుండా.

"వీనికంటె ముందు నాకొక బిడ్డుండె నర్సమ్మా. లచ్చి. గిట్లనే డొక్కలెగరేసింది. మామ ఆ గొట్టంతోని కషాయం పోసిండు. ఏడుస్తుంటె పోసిండు. కాళ్ళు గుంజుకుంటుందని నన్ను పట్టుమన్నడు. నేనే పట్టిన. దగ్గింది, నల్లగైంది, ఇగ లేవలే."

కొట్టంలో ఉన్న ముసలాయనకు మా మాటలు వినపడ్డాయో లేదో తెలియలేదు.

డోసు వేళయింది. నాకు నేర్పిన పద్ధతి ఒకటుంది. పిల్లవాడి చేతులు కలిపి దుప్పటిలో చుట్టి, ఒళ్ళో తల ఎత్తుగా పెట్టుకుని, చెంచాను బుగ్గ లోపలి వైపు ఆనించి కొంచెం కొంచెంగా జార్చాలి. వందమందికి అట్లా తాగించాను. దుప్పటి చుట్టడం మొదలుపెట్టగానే రాజవ్వ ముఖం పాలిపోయింది. తల్లి ముఖం చూసి కిష్టడు కెవ్వుమన్నాడు. ఏడుపుతో ఊపిరి బిగబట్టాడు, దగ్గు తెర వచ్చింది, పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. చెంచా పక్కన పెట్టి వాణ్ణి నిటారుగా భుజాన వేసుకున్నాను. ఊపిరి తిరిగి అందేవరకు వీపు నిమురుతూ ఉన్నాను.

నర్సులకు భయముండదంటారు. శుద్ధ అబద్ధం. బయటికి కనపడనివ్వం, అంతే. పోస్తే ఊపిరితిత్తిలోకి పోయి చస్తాడు, పోయకపోతే జబ్బుతో చస్తాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. దవాఖానాకు తిరిగి ఎత్తుకుపోదామా అంటే అక్కడ మాత్రం చేసేది ఇదే కదా, చెంచా మారదు, గొంతు మారదు. పొద్దుటి డోసు సగం పోయింది, ఇది పోతే ఇక మందు ఇచ్చినా ఇవ్వనట్టే. కాగితం పొట్లంలో నూరిన పొడి పెట్టుకుని, వాడి డొక్కల వైపు చూస్తూ కూర్చున్నాను. పొద్దున కంటే వేగంగా కొట్టుకుంటున్నాయి. రాజవ్వ ఏడవడం కూడా మానేసింది. అది చూసి నాకు ఇంకా భయమేసింది.

అట్లా ఎంతసేపు గడిచిందో. కొట్టంలో బర్రె అరిచింది. మాపటి పాలు పిండే వేళయింది. ఇంట్లో ఎవరు చావుబతుకుల్లో ఉన్నా పొదుగు ఆగదు కదా. ఎల్లయ్య లేచి బర్రె దూడను, దుడ్డెను వదిలినట్టున్నాడు, అది రెండు గుక్కలు చీకి తల్లి చేపుకొచ్చి పొదుగులోకి పాలు దిగాక పక్కకు కట్టేశాడు. నాలుకతో టక్ టక్ మని బర్రెను బుజ్జగించాడు. తర్వాత ఖాళీ ఇత్తడి చెంబులో మొదటి పాలధార పడింది. సర్... సర్... అని లోహం మోగింది.

నా ఒళ్ళో కళ్ళు మూతలు పడుతున్న కిష్టడు నోరు తెరిచాడు.

నేను పొరబడ్డాననుకున్నాను. మళ్ళీ ధార పడింది. వాడు తల కొట్టం వైపు తిప్పి ఇంకా పెద్దగా నోరు తెరిచాడు.

"ఏంది రాజవ్వా ఇది?"

"రోజూ తాత దగ్గర నిలవడతడు నర్సమ్మా. పిండుకుంట పిండుకుంట మామ పొదుగుకెల్లి సీదా వీని నోట్లెకు ఒక ధార కొడతడు. అలవాటు," అంది. అంటూనే ఆమెకూ అర్థమైంది, నాకూ అర్థమైంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

పొదుగు నుంచి నేరుగా ధార కొట్టించడం కుదరదు. పచ్చిపాలు, పైగా ఆ వేగానికి పొలమారుతుంది. నాకు కావలసింది ఆ చప్పుడు, ఆ తెరిచిన నోరు. ఇంట్లో వెన్న ఉందా అనడిగాను. పాలమ్ముకునే గౌలోళ్ళ ఇంట్లో వెన్నకేం కరువు? పొడిని చిన్న వెన్నముద్దలో కలిపాను, కాచిన పాలు గోరువెచ్చగా ఉగ్గుగిన్నెలో పోసుకున్నాను. ఉగ్గుగిన్నె అంటే పసివాళ్ళకు పాలు పట్టే ముక్కు గిన్నె, వాడు పుట్టినప్పటి నుంచి ఎరిగినదే. వాణ్ణి నిటారుగా కూర్చోబెట్టే ఒళ్ళు ఒక్కటే కావాలి. పాల వేళ వాడు చేరేది తాత దగ్గరికే.

నేను అడగలేదు. రాజవ్వ తనంతట తాను లేచి, కొడుకును ఎత్తుకుని కొట్టంలోకి నడిచింది.

"మామా, వీన్ని పట్టుకో."

ఎల్లయ్య చెంబు కింద పెట్టేశాడు. రెండు చేతులూ వెనక్కి తీసుకున్నాడు. "నా చేతులల్ల వద్దు బిడ్డా. ఒకపాలి అయింది సాలదా," అన్నాడు. "నర్సమ్మ పట్టుకుంటది. నేను పిండుత, చప్పుడు జేస్త. నన్ను ముట్టుమనకు. నీ కాళ్ళు మొక్కుత."

"నర్సమ్మ దగ్గర నోరు తెరుస్తలేడు. నా దగ్గర తెరుస్తలేడు. నువ్వు వద్దంటె వీడు గూడ పోతడు," అంది. కొడుకును పట్టుకున్న చేతులు చాపే ఉంచింది. "నాకు భయంగనే ఉంది మామా. అయినా నీకే ఇస్తున్న. పట్టుకో."

ఆ పిల్ల ఆ మాట ఎట్లా అనగలిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన ధోవతి అంచుకు చేతులు రెండుసార్లు తుడుచుకుని వాణ్ణి తీసుకున్నాడు. తొడ మీద కూర్చోబెట్టుకుని ఎడమ చేత్తో వీపుకు ఆసరా పట్టాడు, కుడి చేత్తో పొదుగు అందుకున్నాడు. బర్రె కదిలింది. టక్ టక్ మన్నాడు. ఆ బుజ్జగింపు బర్రెకో, మనవడికో, తనకో చెప్పలేను.

చెంబు ఖాళీ చేసి ఇచ్చాను. సర్ర్ మంది ధార. కిష్టడు నోరు తెరిచాడు. నాలుక నడిమికి కొంచెం వెనకగా వెన్న పెట్టాను, వెంటనే ఉగ్గుగిన్నె ముక్కు బుగ్గకు ఆనించి పాలు జార్చాను. వాడి ముఖం ముడుచుకుంది. చేదు తగిలింది. రాజవ్వ నా భుజం పట్టుకుంది, గోళ్ళు దిగిపోయాయి. దగ్గుతాడేమోనని గిన్నె కొంచెం వెనక్కి తీశాను. ఇంకో ధార. గుటక వేశాడు. ఇంకో ధార. మళ్ళీ గుటక.

చెంబు సగం నిండేసరికి నురగ పట్టి చప్పుడు మందగించింది. వాడు నోరు మూసుకున్నాడు. ఖాళీ చెంబు మోతకే వాడి నోరు తెరుచుకుంటుందని అప్పుడు తెలిసింది. చెంబు వంచేసి మళ్ళీ పిండితే మళ్ళీ తెరిచాడు. డోసు మొత్తం అట్లాగే పోయింది.

కక్కుతాడేమోనని ముగ్గురం కదలకుండా కూర్చున్నాం. బర్రె కూడా ఎందుకో నిమ్మళంగా నిలబడింది. కక్కలేదు.

ఇక్కడితో అయిపోతే ఎంత బాగుండు. నాలుగు గంటలకొకసారి మందుంది, బర్రె మాత్రం పొద్దున, మాపున తప్ప చేపదు. ఆ సంగతి నేను చెబితే ఎల్లయ్య మొదటిసారి నా కళ్ళలోకి చూసి మాట్లాడాడు. "మూడు బర్రెలున్నయి గదమ్మా. ఒక్కదాన్ని గూడ పూర్తిగ పిండ. ఒక్కోదాని కాడ ఇన్ని అడుగుపాలు ఇడిసిపెడత. దుడ్డెను జూపిస్తె ఏ యాళనైనా నాలుగు ధారలిస్తది. ఫికర్ జెయ్యకు." వాడుకగా పాలు పోసే ఇళ్ళకు ఆ రోజుల్లో పాలు తక్కువ పోశాడు, మాటలు పడ్డాడు. ఎవరికీ కారణం చెప్పలేదు.

డోసు వేయడం రాజవ్వకు చేతనయ్యాక, మధ్యలో నేను దవాఖానాకు పోయి వస్తూ ఉన్నాను. ఏం జరుగుతోందో డాక్టర్ సాబ్‌కు చెబితే, నవ్వుతారనుకున్నాను. "మింగాడా, లేదా?" అని మాత్రం అడిగారు. మింగుతున్నాడన్నాను. మిగతా బిళ్ళలు ఇచ్చేశారు.

మూడో రోజు పొద్దున పోయేసరికి రాజవ్వ వాకిట్లో నిలబడి ఉంది. ఆమె ముఖం చూసి నేను సందులోనే ఆగిపోయాను. "ఒళ్ళు సల్లగైంది నర్సమ్మా, చెమటలు పోసినయి," అంది. లోపలికి పరుగెత్తాను. వాడి దిండు తడిసిపోయి ఉంది, నుదురు చల్లగా ఉంది. మణికట్టు పట్టుకుని పల్స్ వెతికాను. దొరికింది. మెత్తగా, నింపాదిగా కొట్టుకుంటోంది. జ్వరం విడిచింది. డొక్కలు ఎగరడం లేదు. ఆ మంచం పక్కనే కూలబడి నేను ఏడ్చాను. సిగ్గేం లేదు చెప్పుకోవడానికి.

బిళ్ళలు అయిపోయిన రోజు మాపటి వేళ, నా సంచి సర్దుకుంటుంటే రాజవ్వ దగ్గరకొచ్చి కూర్చుంది. కొట్టంలో ఎల్లయ్య పాలు పిండుతున్నాడు. కిష్టడు బర్రె పక్కన నిలబడి చెంబులోకి తొంగి చూస్తున్నాడు.

"నర్సమ్మా, ఒకటి అడుగుత, అబద్ధం చెప్పొద్దు," అంది. "ఆ దినం నేను కాళ్ళు పట్టకుంటె నా లచ్చి బతికేదా?"

కొట్టంలో పాలధార ఆగిపోయింది.

ఏం చెప్పను? ఆ గొట్టం సంగతి నాకు తెలుసు. ఆ జబ్బు సంగతీ తెలుసు. నూటికి నూరుపాళ్ళు నిజమైన మాట ఒకటే నా దగ్గర ఉంది, అది కొట్టంలోకి కూడా వినపడేట్టు చెప్పాను.

"ఆ రోగానికి అప్పుడు మందే లేదు బిడ్డా. మా దవాఖానల గూడ లేకుండె. ఎవ్వల చేతుల ఉన్నా మేం కాపాడలేకపోతుంటిమి."

రాజవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత కొట్టంలో పాలధార సర్... సర్... మని మళ్ళీ మొదలైంది. వాకిట్లోంచి బయటికి నడుస్తూ చూరు వైపు చూశాను. గొట్టం వాకిట్లోనూ లేదు, అక్కడా లేదు. ఎక్కడ పెట్టాడని నేను అడగలేదు.

మందు మింగించడం ఎట్లాగని కొత్తగా వచ్చిన నర్సులు అడుగుతుంటారు. బిడ్డకు రోజూ నోటికి అందించేది ఎవరో కనుక్కోండి, వాడి నోరు దేనికి తెరుచుకుంటుందో కనుక్కోండి అని చెబుతాను. ఇంకొకటి మాత్రం నేనే చేస్తాను. ఏ తల్లి ఏ బిడ్డను ఎత్తుకొచ్చినా ముందు బిడ్డ నోరు చూడను, బిడ్డను పట్టుకున్న చేతులు చూస్తాను. అవి వణుకుతుంటే కూర్చోబెట్టి, ఇంతకుముందు ఏమైందమ్మా అని అడుగుతాను. ఆ జవాబు విన్నాకే చెంచా ముట్టుకుంటాను.